చప్పట్లు వినిపించాయి కదా, ఇక పాటను నమ్మండి

ఊరి నుంచి చుట్టాలు వచ్చి గోల్కొండ చూపించమన్నప్పుడల్లా నేను కోటను చూడను, గైడును చూస్తాను. మొన్న సెలవులకు మా అక్కా బావా వచ్చారు. ముఖద్వారం దాటగానే గైడు మమ్మల్ని గుమ్మటం కింద నిలబెట్టాడు. మా మేనల్లుడిని అంతకుముందే పైకి, బాలాహిస్సార్ దగ్గరికి పంపించాం. గైడు చేతులు పైకెత్తి మూడుసార్లు చప్పట్లు కొట్టాడు. కాసేపటికి మా బావ ఫోను మోగింది. "నాన్నా, మూడూ వినిపించాయి!" కిందికీ పైకీ మధ్య దాదాపు కిలోమీటరు దూరం. మా అక్క ఇంకా గుమ్మటం కప్పు వైపే తలెత్తి చూస్తుండగా గైడు రెండో కథ అందుకున్నాడు.

ఇబ్రహీంబాగ్ వైపు వేలు చూపించి, అక్కడి బారాదరి మంటపంలో గాయని తారామతి పాడితే ఇక్కడ కోటలో కూర్చుని సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా వినేవాడని చెప్పాడు. "అంత దూరం నుంచా?" అన్నాడు మా బావ. గైడు నవ్వి, "చప్పట్లు మీరే విన్నారు కదా సార్!" అన్నాడు. మా బావ లెక్కల మాస్టారు. ఆయన కూడా తల ఊపేశాడు.

నేను ఏళ్ల తరబడి పోగుచేసుకున్న పాటల పుకార్లన్నిటికీ తాళంచెవి ఆ ఒక్క మాటలో దొరికింది. అప్పు ఇచ్చేవాడు అప్పు అడిగినవాడి ముఖం చూడడు, జామీను సంతకం ఎవరిదో చూస్తాడు. తారామతి కథను ఎవరూ పరీక్షించలేరు. చప్పట్లను ఎవరైనా పరీక్షించవచ్చు. ఆ చప్పట్లు ఈ కథకు జామీను ఉంటాయి. సంగీతం చుట్టూ అల్లుకున్న ఏ కట్టుకథను విప్పినా అడుగున ఇలాంటి జామీను ఒకటి దొరుకుతుంది. అది చిన్నది, నిజమైనది, కావాలంటే వెళ్లి చూసుకోదగ్గది.

ముందు తారామతి లెక్క తేలుద్దాం. ఆమె కల్పితం కాదు. ఆమె పేరిట, ఆమె తోటి కళాకారిణి ప్రేమామతి పేరిట సమాధులు కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరే ఉన్నాయి. అబ్దుల్లా 1626 నుంచి 1672 వరకు ఏలాడు. పన్నెండు ద్వారాల బారాదరి ఇప్పటికీ నిలబడి ఉంది. తేలాల్సింది గొంతు సంగతే. బారాదరికీ కోటకూ మధ్య సుమారు రెండు కిలోమీటర్లు. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా ధ్వని 6 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. గాయని నోటికి మీటరు దూరంలో మొదలుపెట్టి రెండు, నాలుగు, ఎనిమిది అంటూ రెట్టింపు చేసుకుంటూ పోతే పదకొండో మెట్టుకు 2,048 మీటర్లు. అంటే 66 డెసిబెల్స్ నష్టం. మీటరు దూరంలో 90, 95 డెసిబెల్స్ పలికే బలమైన గొంతు కూడా కోటకు చేరేసరికి గుసగుస కన్నా తక్కువవుతుంది. గాలీ చెట్లూ తినేసేది దీనికి అదనం. అయితే రాత్రివేళ నేల చల్లబడి, పైన గాలి వెచ్చగా ఉన్నప్పుడు ధ్వని కిందికి వంగి మామూలు కన్నా ఎక్కువ దూరం పోతుంది. ఆ రోజుల్లో మోటార్ల రొద లేదు. అన్నీ కలిసొచ్చిన రాత్రి ఎక్కడో ఎవరో పాడుతున్నారని తెలిసి ఉండవచ్చు. ఏ రాగమో, ఏ మాటో తెలిసి ఉండదు. ఇక బారాదరి నుంచి కోట దాకా తాడు కట్టి, దాని మీద ఆమె నాట్యం చేస్తూ వచ్చేదన్న కథకు లెక్కలు అక్కర్లేదు.

చప్పట్లు అంత స్పష్టంగా వినిపించడానికి కారణాలు వేరు. పదునైన చిన్న శబ్దం, దాన్ని కూడగట్టి విసిరే గుమ్మటం, ఎత్తున ఎదురుచూస్తున్న చెవి. బారాదరిలో పాడేవాళ్లకు ఈ ఏర్పాటేదీ లేదు. కానీ ఒకటి నిజమైతే రెండోదీ నిజమేనని మనసు తనంతట తానే సంతకం పెట్టేస్తుంది.

మనకు ఇలాంటి కథలకు పేర్లు కూడా బోలెడు. ఐతిహ్యం, వదంతి, గాలివార్త, పుక్కిటి పురాణం. వీటిలో నాకు ఇష్టమైనది చివరిది. పుక్కిట పట్టిన నీళ్లలా నోట్లోనే తిరుగుతుంది, మింగుడు పడదు, ఉమ్మబుద్ధీ కాదు. 1947లో గోర్డన్ ఆల్‌పోర్ట్, లియో పోస్ట్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు పుకారుకు ఒక సూత్రం చెప్పారు: విషయం ఎంత ముఖ్యమో, ఎంత అస్పష్టమో, ఆ రెండింటి గుణకారమే పుకారు బలం. రెండింటిలో ఏది సున్నా అయినా పుకారు పుట్టదు. పాటకు ఈ రెండూ పుష్కలం. గుండెకు దగ్గరగా ఉంటుంది, అర్థం సగమే చెబుతుంది.

గోల్కొండలోనే ఇంకో మలుపు తిరిగితే రామదాసు బందీఖానా. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న శిస్తు డబ్బుతో భద్రాచలంలో గుడి కట్టించాడని తానీషా ఖైదు చేయించడం, రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలుగా వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించడం తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేని కథ. ఇక్కడ జామీను ఒకటి కాదు, రెండు. మొదటిది ఆ గది. లోపల రాతి మీద చెక్కిన దేవతామూర్తుల ముందు ఇప్పటికీ దీపం పెడతారు. రెండోది పాటలే. ఖైదీ తన పాటల్లో లెక్క అప్పజెబుతాడు. భరతునకు చేయించిన పచ్చల పతకానికి "పట్టె పదివేల వరహాలు" అని అంకె వేసి మరీ రాముణ్ని నిలదీస్తాడు. "ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు" అని తిడతాడు, వెంటనే దెబ్బలకు ఓర్వలేక తిట్టానని లెంపలు వేసుకుంటాడు. భక్తుడి పాటలో లెడ్జరు పుస్తకం వాసన రావడం లోకంలో అరుదు. ఇంత నమ్మకంగా ఖర్చు రాసినవాడి కథలో జమ కూడా ఉండి తీరాలి కదా! ఆ జమే ఆరు లక్షల మొహరీలు.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది కథకు మిగిలిపోయిన సందు. పన్నెండేళ్లు ఏడ్చిన భక్తుడికి కాకుండా రాముడు తానీషాకు ఎందుకు కనిపించాడు? వినేవాడు ఈ ప్రశ్న అడగక మానడు. అడిగాడు కనుకనే జవాబు పుట్టింది: పూర్వజన్మలో గోపన్న ఒక చిలకను పన్నెండేళ్లు పంజరంలో పెట్టాడట, తానీషా శివాభిషేకాలు చేశాడట. ఐతిహ్యం పెరిగే తీరు ఇదే. ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ ఇంకో కథ తెచ్చి సున్నం పూస్తారు. చరిత్ర పక్క నుంచి చూస్తే తానీషా ఏలుబడి 1672 నుంచి 1687 దాకా, మొత్తం పదిహేనేళ్లు. గోపన్నకు మేనమామగా చెప్పే మంత్రి మాదన్న 1686లో హత్యకు గురయ్యాడు, మరుసటి ఏడాది కోట ఔరంగజేబు పాలైంది. కొలువు, గుడి, నగలు, పన్నెండేళ్ల ఖైదు, విడుదల అన్నీ ఆ పదిహేనేళ్లలో ఇమడాలంటే చాలా ఇరుకు. పన్నెండు అనే సంఖ్య మీద నాకు అనుమానం. మన కథల్లో కరువైనా తపస్సైనా వనవాసమైనా ఆ చుట్టుపక్కలే తచ్చాడుతుంటాయి.

కొన్ని కథలకు మూలం పాటలోని మాట కాదు, పాడేవాడి నైపుణ్యం. ఒక మనిషి ఇంత బాగా ఎలా పాడగలడు, ఎలా వాయించగలడు? అమెరికాలో రాబర్ట్ జాన్సన్ అనే నల్లజాతి గిటారు కళాకారుడు ఉండేవాడు. 1936, 37ల్లో టెక్సస్‌లో రెండు విడతలుగా 29 పాటలు రికార్డు చేసి, 1938 ఆగస్టులో 27 ఏళ్లకే చనిపోయాడు. నాలుగు దారుల కూడలిలో అర్ధరాత్రి దయ్యానికి ఆత్మను అమ్ముకుని ఆ విద్య సంపాదించాడని ప్రపంచమంతా చెప్పుకుంటుంది. మొదట్లో అతని వాయిద్యం భరించలేనట్టు ఉండేదని, కొంతకాలం కనబడకుండా పోయి తిరిగి వచ్చేసరికి అందరూ నివ్వెరపోయారని సన్ హౌస్ అనే పెద్ద కళాకారుడు తర్వాత గుర్తుచేసుకున్నాడు. ఆ కనబడకుండా పోయిన కాలమే సందు. దయ్యం బేరం కథ అంతకుముందు టామీ జాన్సన్ అనే వేరే గాయకుడి గురించి అతని సోదరుడు చెప్పినది. ఇంటిపేరు ఒకటే కావడంతో కథ ఇల్లు మారింది. కూడలి మీద రాబర్ట్ పాట ఉన్న మాట నిజం. అందులో అతను మోకాళ్ల మీద పడి వేడుకునేది దేవుణ్ని. దయ్యం ఊసు ఆ పాటలో లేదు.

మరి ఆ మాయమైన కాలంలో ఏం చేశాడు? మిసిసిపీలోని హేజిల్‌హర్స్ట్ వైపు వెళ్లి ఐక్ జిమర్మన్ అనే గురువు దగ్గర నేర్చుకున్నాడు. ఆ గురువుకు రాత్రిళ్లు శ్మశానంలో సాధన చేసే అలవాటు. అక్కడైతే ఎవరి నిద్రా చెడదు. రాత్రి, శ్మశానం, గిటారు. ఇంతకన్నా గట్టి జామీను దయ్యానికి ఎక్కడ దొరుకుతుంది?

మన దగ్గర ఇదే ప్రశ్నకు జవాబు దేవుడి నుంచి వస్తుంది. కాళిదాసు నాలుక మీద కాళి బీజాక్షరాలు రాస్తుంది. త్యాగరాజుకు నారదుడు స్వరార్ణవమనే సంగీత గ్రంథం ఇస్తాడు. ముత్తుస్వామి దీక్షితులు ఎట్టయపురం దారిలో అమృతవర్షిణి రాగం పాడితే వాన కురుస్తుంది. తాన్‌సేన్ దీపక్ రాగం పాడితే దీపాలు వెలుగుతాయి. తాన్‌సేన్ ఉన్న అక్బరు కొలువులోనే ఉండి అతనిలాంటి గాయకుడు వెయ్యేళ్లలో పుట్టలేదని పొగిడిన అబుల్ ఫజల్ దీపాల ముచ్చట రాయలేదు. అక్కడ దయ్యం కొనుక్కుంటుంది, ఇక్కడ దేవుడు దయచేస్తాడు. తెల్లవారుజామున లేచి చేసిన సరళీస్వరాల సాధనను మాత్రం రెండుచోట్లా కథలోకి రానివ్వరు. ఏళ్ల తరబడి ఒకే వరుస పాడినవాడి కథ వినడానికి ఎవరు కూర్చుంటారు!

ఇవన్నీ ఎప్పుడో ఎవరో పుట్టించినవి, పుట్టించిన చెయ్యి కనిపించదు. చెయ్యి స్పష్టంగా పట్టుబడిన కథ ఒకటి ఉంది. 1969 శరదృతువులో అమెరికా అంతా ఒక వార్త పాకింది. ఇంగ్లండు పాటల బృందం బీటిల్స్‌లోని పాల్ మెకార్ట్‌నీ మూడేళ్ల కిందటే కారు ప్రమాదంలో చనిపోయాడని, అతని పోలికలున్న మనిషిని పెట్టి బండి లాగిస్తున్నారని, బాధ తట్టుకోలేక మిగతా ముగ్గురూ రికార్డు అట్టల మీదా పాటల్లోనూ గుర్తులు దాస్తున్నారని. సెప్టెంబరు 17న అయోవాలోని డ్రేక్ విశ్వవిద్యాలయ విద్యార్థి పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. అక్టోబరు 12న డెట్రాయిట్‌లో రస్ గిబ్ నడిపే రేడియో కార్యక్రమానికి ఒక శ్రోత ఫోను చేసి ఇదే చెప్పాడు. అది విన్నవాళ్లలో ఫ్రెడ్ లాబూర్ అనే మిషిగన్ విద్యార్థి ఉన్నాడు. అతను తమ కాలేజీ పత్రికకు బీటిల్స్ కొత్త రికార్డు 'అబ్బే రోడ్' మీద సమీక్ష రాయాలి. సమీక్షకు బదులు, అక్టోబరు 14న, పాల్ మరణం గురించి వేళాకోళంగా ఒక పెద్ద వ్యాసం రాసిపడేశాడు. చాలా గుర్తులు అప్పటికప్పుడు పుట్టించాడు. పాల్ స్థానంలోకి వచ్చినవాడి పేరు విలియం క్యాంప్‌బెల్ అన్నది కూడా అతని బుర్రలోంచి వచ్చిందే. దేశం దాన్ని వేళాకోళంగా తీసుకోలేదు.

'అబ్బే రోడ్' అట్ట మీది బొమ్మ చూడండి. నలుగురు రోడ్డు దాటుతున్నారు, పాల్ ఒక్కడికే కాళ్లకు చెప్పుల్లేవు. శవానికి చెప్పులుండవు కదా అన్నారు. నిజానికి ఆగస్టు 8న బొమ్మ తీసినప్పుడు ఎండగా ఉంది, అతను చెప్పులు విడిచేశాడు. వెనక నిలబెట్టిన కారు నంబరులో '28 ఇఫ్' అని ఉందని, బతికి ఉంటే 28 ఏళ్లుండేవని దాని అర్థమని మరో గుర్తు. ఆ నంబరు 281 ఎఫ్. ఒకటి అంకెను ఇంగ్లిషు 'ఐ' అక్షరంగా చదివారు. పోనీ అలాగే చదివినా అప్పటికి పాల్ వయసు 27. దీనికీ సున్నం సిద్ధంగా ఉంది: తూర్పు దేశాల లెక్కలో ఒక ఏడు కలుపుతారట! మన అమ్మమ్మల లెక్కలో అతనికి 28వ ఏడు నడుస్తున్న మాట నిజమే గానీ, లండన్ వీధిలో నిలబెట్టిన కారుకు ఆ సంగతి ఎలా తెలుసో.

కథ ఆ శరత్తులోనే ఎందుకు అంటుకుంది? 1966 ఆగస్టు తర్వాత ఆ బృందం వేదిక మీద కచేరీలు మానేసింది. మూడేళ్లుగా అభిమానులు వాళ్లను రికార్డుల్లోనే వింటున్నారు, అట్టల మీదే చూస్తున్నారు. లోలోపల బృందం విడిపోతోంది, ఆ మాట బయటికి రాలేదు. పాల్ పిల్లలతో స్కాట్లండ్‌లోని పొలానికి వెళ్లిపోయాడు. అంటే అభిమానులకు ఏదో పోయిందని అనిపించింది, ఏం పోయిందో తెలియలేదు. 'లైఫ్' పత్రిక వాళ్లు పొలం దాకా వెళ్లి నవంబరులో ముఖచిత్రం వేస్తే తప్ప గోల తగ్గలేదు. ఈలోగా టెలివిజన్‌లో ఉత్తుత్తి కోర్టు విచారణ ఒకటి ఏర్పాటు చేసి లాబూర్‌ను సాక్షిగా పిలిచారు. నేను కల్పించాను మహాప్రభో అని అతను తెర వెనక చెప్పుకుంటే, ప్రశ్నించాల్సిన లాయరు గంటసేపు కార్యక్రమం నింపాలి, కాబట్టి సహకరించమన్నాడట. కథలు ఎందుకు చావవో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు. అబద్ధమాడినవాడు ఒప్పుకున్నా, దాని మీద వ్యాపారం పెట్టుకున్నవాడు ఒప్పుకోడు.

రికార్డును వెనక్కి తిప్పితే రహస్య సందేశాలు వినిపిస్తాయన్నది దీని పిల్ల పుకారు. మనకైతే 'మరా మరా' అంటే 'రామ' అయిన కథ ఉంది, ముందు నుంచి రాముడు, వెనక నుంచి కృష్ణుడు వచ్చేలా వేంకటాధ్వరి రాసిన రాఘవయాదవీయం ఉంది. కనుక ఇది మనకు సులభంగా నమ్మబుద్ధవుతుంది. కానీ మనం తిప్పేది అక్షరాన్ని, టేపు తిప్పేది ధ్వనిని. 'రామ'ను టేపు మీద వెనక్కి తిప్పితే 'మరా' రాదు, 'అమార్' లాంటిది వస్తుంది. ఆ అయోమయపు ధ్వనిలో ఫలానా వాక్యం ఉందని ఎవరైనా ముందే చెబితే అది వినిపిస్తుంది, చెప్పకపోతే వినిపించదు. కెనడా మనస్తత్వవేత్తలు వోకీ, రీడ్ 1985లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది ఇదే. 1990లో ఒక బృందం మీద అమెరికాలో ఇలాంటి ఆరోపణతో వేసిన దావాను కోర్టు కొట్టేసింది.

పుకారుకు ఎప్పుడూ ఆకతాయి అవసరం లేదు, తొందరలో ఉన్న విలేకరి చాలు. జనగణమనను ఐదవ జార్జి చక్రవర్తి కోసం రాశారన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో ఆ పాటను మొదటిసారి పాడారు. అదే నెలలో చక్రవర్తి భారతదేశంలో ఉన్నాడు, ఢిల్లీ దర్బారులో బెంగాల్ విభజనను రద్దు చేశాడు. అదే సభ ఆయనకు స్వాగతం పలుకుతూ తీర్మానం చేసింది. అదే రోజు ఆయనను పొగుడుతూ ఒక హిందీ పాట కూడా పాడారు. బెంగాలీ రాని ఇంగ్లిషు పత్రికలు రెండు పాటలనూ కలగలిపి, చక్రవర్తి స్వాగతానికి టాగూరు పాట అని రాసేశాయి. చూడండి, ఎన్ని జామీన్లో: రాజు నిజం, సభ నిజం, తీర్మానం నిజం, పొగడ్త పాట నిజం. తప్పు ఒక్క ముడి దగ్గరే ఉంది. ఆ భాగ్యవిధాత ఏ జార్జీ కాడని టాగూరు 1937లో ఉత్తరం రాసినా ముడి వీడలేదు. ఆయన 1919లో మన మదనపల్లెలో ఉండగా ఆ పాటను ఇంగ్లిషులోకి మార్చారు, అక్కడే మార్గరెట్ కజిన్స్ సాయంతో దాని స్వరం కాగితం మీదికి వచ్చింది. ఈ నిజానికి మాత్రం అంత ప్రచారం లేదు. ప్రపంచంలో ఉత్తమ జాతీయగీతంగా దాన్ని యునెస్కో ఎంపిక చేసిందన్న అబద్ధం ఏటా ఆగస్టులో ఫోన్లలో తిరుగుతుంది.

అంకెల పుకార్లు వేరే జాతి, వాటిలో భక్తి ఎక్కువ. గిన్నెస్ పుస్తకం 1974లో లతా మంగేష్కర్ పేరు ఎక్కించింది: 1948 నుంచి అప్పటివరకు 25,000 పాటలు. పుస్తకంలో అచ్చయిందన్నదే ఇక్కడ జామీను. 26 ఏళ్లకు 25,000 అంటే ఏటా 960. ఆ రోజుల్లో ఏటా వచ్చే హిందీ సినిమాలు నూరు, నూట ముప్పై. సినిమాకు ఏడెనిమిది పాటలు. అంటే మగగొంతులతో సహా, చెల్లెలు ఆశాతో సహా, అందరి పాటలూ ఆమే పాడి ఉండాలి. నేను ఇంకా ఎక్కువ పాడానని రఫీ అభ్యంతరం చెప్పారు. చివరికి 1991లో గిన్నెస్ ఆ విభాగాన్నే తీసేసింది.

మన బాలుగారికి 40,000 అంటాం. మొదటి పాట 1966 డిసెంబరులో, కన్నుమూసింది 2020 సెప్టెంబరులో. సుమారు 19,600 రోజులు. ఆదివారం, పండగ, జ్వరం లేకుండా రోజుకు రెండు పాటలు. అసాధ్యమని ఎవరూ అనలేరు, ఎందుకంటే 1981లో ఒకే రోజు కన్నడంలో 21 పాటలు పాడారన్న కథ పక్కనే ఉంది. ఆ కథ జామీను ఉండగానే, ఒక గొప్ప రోజు ప్రతిరోజుగా మారిపోతుంది. పి. సుశీలగారి సంగతి చూడండి. 2016లో గిన్నెస్ ఆమె పాటలను 17,695గా గుర్తించింది. నాకు ఈ అంకె మీద గౌరవం. లెక్కపెట్టిన అంకె ఇలాగే ఎగుడుదిగుడుగా ఉంటుంది, మొక్కుకున్న అంకె చివర సున్నాలుంటాయి.

ఈ అలవాటు సినిమాతో మొదలు కాలేదు. పురందరదాసు 4,75,000 పదాలు రాశాడంటారు. ఎనభై ఏళ్ల బతుక్కి పుట్టిన రోజు నుంచి దినానికి పదహారు. త్యాగరాజు కృతులు 24,000 అంటారు, మనకు మిగిలినవి సుమారు 700. మరి 24,000 ఎక్కడి నుంచి వచ్చింది? వాల్మీకి రామాయణంలో శ్లోకాలు 24,000. త్యాగరాజు వాల్మీకి అవతారమన్నది సంప్రదాయం. అవతారం కుదిరాక అంకె కుదరకుండా ఉంటుందా! అన్నమయ్య 32,000 సంకీర్తనలు రాశాడంటారు, రాగిరేకుల్లో దొరికినవి పన్నెండు వేలకు పైగా. అక్కడ పెద్ద పుకారు వేరేచోట ఉంది. ఇవాళ మనం పాడుకునే బాణీలు కూడా అన్నమయ్యవేనని చాలామంది అనుకుంటారు. రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, బాలకృష్ణప్రసాద్ వంటివారు ఇరవయ్యో శతాబ్దంలో కట్టిన బాణీలవి. ఐదు వందల ఏళ్ల ముసలితనం వాటికి రాగిరేకుల నుంచి అంటుకుంది.

చివరి కథ మా అపార్టుమెంటుది. నల్లకుంటలో మేముండే మూడో అంతస్తులో ఒకరోజు పొద్దున్నే ఘంటసాల భగవద్గీత పెట్టుకుని కాఫీ తాగుతున్నాను. బెల్లు మోగింది. ఎదురింటి పిన్నిగారు, జారుముడి కూడా సరిగా వేసుకోకుండా, ముఖం వాడిపోయి నిలబడి ఉన్నారు. "ఎవరికేమయింది నాయనా?" అన్నారు. ఎవరికీ ఏమీ కాలేదని, పాట వింటున్నానని చెప్పాను. ఆవిడ నమ్మలేనట్టు లోపలికి తొంగిచూశారు. కుర్చీలన్నీ వాటి చోట్లో ఉన్నాయి, గుమ్మం ముందు చెప్పులు రెండే జతలు. అప్పుడు ఊపిరి పీల్చుకుని, "అలాంటివి ఇంట్లో పెట్టుకోకూడదు, అరిష్టం" అన్నారు.

ఈ నమ్మకం పుట్టింది మన కళ్ల ముందే. ఘంటసాల తన చివరి రోజుల్లో గీతలోని 700 శ్లోకాల్లోంచి నూటికి పైగా ఎంచుకుని, తెలుగు తాత్పర్యంతో పాడారు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్లకే వెళ్లిపోయారు. తర్వాత క్యాసెట్లు చవకయ్యాయి. చావు ఇంట్లో నలుగురు కూర్చున్నప్పుడు ఏదో ఒకటి వినిపించాలి, సినిమా పాట కుదరదు. "జాతస్య హి ధ్రువో మృత్యుః" అంటూ, పుట్టినవానికి మరణము తప్పదని, దానికి శోకింప తగదని అంత గంభీరంగా ఓదార్చే గొంతు ఇంకెవరిది? శవయాత్ర బండికి మైకు కట్టారు. వీధి మలుపులో ఆ గొంతు వినిపిస్తే తలుపులు వేసుకోవడం, నీళ్లు చల్లుకోవడం అలవాటైంది. రెండు తరాలు గడిచేసరికి కార్యకారణాలు తలకిందులయ్యాయి. చావు వచ్చినచోటికి పాట వెళ్లేది, ఇప్పుడు పాట వచ్చినచోటికి చావు వస్తుందంటున్నారు.

హంగరీలో రెజో షెరెష్ 1933లో కట్టిన ఒక విషాద ఆదివారపు పాటకూ ఇదే గతి పట్టింది. అసలే ఆత్మహత్యలు ఎక్కువగా ఉన్న దేశం, గడ్డు రోజులు. ఎక్కడ ఎవరు ప్రాణం తీసుకున్నా పత్రికలు ఆ పాటను వెతికి పట్టుకున్నాయి. బిల్లీ హాలిడే గొంతులోని రూపాన్ని బీబీసీ 1941లో ప్రసారం నుంచి ఆపి, 2002లో గానీ వదలలేదు. ఆ నిషేధమే పాటకు పెద్ద జామీను అయింది. ఉత్తినే ఆపుతారా అన్నారు జనం. ఆ పాట విని కన్నీళ్లు తుడుచుకుని పడుకున్న లక్షలమంది ఏ పత్రికకూ వార్త కాలేదు. గీత విని కాఫీ తాగి ఆఫీసుకు వెళ్లిన నేనూ కాలేదు.

పిన్నిగారికి ఇదంతా ఇంత వివరంగా కాకపోయినా చెప్పాను. ఆవిడ రిటైరైన ఫిజిక్సు లెక్చరరు, శ్రద్ధగా విన్నారు. కార్యకారణాల తిరగబాటు గురించి చెబుతుంటే మధ్యలో తనే ఒక మంచి ఉదాహరణ అందించారు: గొడుగులు వేసుకోవడం వల్ల వాన పడుతుందనుకోవడం లాంటిదన్నమాట అన్నారు. అదేనండీ అన్నాను సంతోషంగా. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు.

"రేపు మా మనవరాలికి పెళ్లిచూపులు. పది గంటలకు వస్తామన్నారు. రేపొక్కరోజు వద్దులే నాయనా."

సరేనన్నాను. తలుపు వేసి, ఆ రోజుకు కూడా పాట ఆపేశాను.